గాలికి కట్టిన పోగులు

నేను డక్టు పనోణ్ణి.
ముసఫ్ఫాల పన్నెండేండ్లుగా
జింకు రేకు కత్తిరించి గాలికి దార్లు మడతవెడుత.
ఆసుపత్రుల్ల, పెద్ద పెద్ద హాళ్లల్ల, సీలింగు ఎనక
నేను వంచిన మూలల్ని ఏ మనిషీ చూడడు,
గాలి చూస్తది.
మూల మొరటుగుంటే ఈలేసి మరీ చెప్తది,
వంపు కుదిరితే సప్పుడు జెయ్యక పోతది.
గాలి గుణం నాకెరుక.
కారు గుణమే తెల్వకుండె.

రెండువేల ఆరు సన్నీ. తెల్లది, అంటే ఒకప్పుడు.
ఎడమ డోరు లోపల్నించి తెరుసుకోదు.
సోమారం తెల్లారక ముందు ఐదుగురం రువైస్ సైటుకు,
శనివారం రాత్రికి మళ్ల క్యాంపుకు.
పోయేటప్పుడు షమాల్ ఎదురు.
వచ్చేటప్పుడు నిద్ర ఎదురు.

ఒకటో తారీఖు.
ఎల్లేశం ఫోను చూసి, "పెట్రోలు మళ్ల పెరిగె" అన్నడు.
ఎవ్వరం మాట్లాడలె.
నేను కారు కింద దూరిన.

కింద అంతా అంగడి!
పైపులు, బోల్టులు, ఎండిన మడ్డి,
గాలి అడుగడుగునా తట్టుకోని
తిట్టుకుంట పోతున్న జాడలు.
సిగ్గయింది.
నా డక్టు ఇట్లుంటే ఫోర్మన్ మొఖాన కొట్టేటోడు.

చెత్తల దొరికిన ప్లాస్టిక్ బోర్డు,
సముద్రమొడ్డు విల్లాల ప్రకటన,
దాన్ని కొలిచి, కోసి, కారు పొట్టకు బిగించిన.
బోర్డు మీది నవ్వుల కుటుంబం
రోడ్డు దిక్కు మొఖం బెట్టి
రెండొందల ముప్ఫై కిలోమీటర్లు బోర్లపడి వచ్చింది,
నవ్వు మాత్రం ఆపలె.

చక్రాలకు డేగిశా మూతలు.
మెస్సుల వంట మోఫిజుల్ నాలుగు రోజులు
అన్నం మీద పేపరు కప్పి, నన్ను బెంగాలీల తిట్టిండు.
ముందటి జాలీకి ఫోమూ, వెండి టేపూ.

టైలర్ కనకయ్య దగ్గర
ఎర్ర ఊలు ముక్కలు తెచ్చి, రెండంగులాలకొకటి,
కారు ఒళ్లంతా అంటించిన.
గుల్ జమాన్ పక్క లైన్ల పికప్ నడుపుకుంట
ఒక చేత్తో ఫోను పట్టి తీసిండు.
రాత్రి క్యాంపుల అందరం తలలు కలిపి చూసినం.
బానెట్ మీద, అద్దం మీద
నూనె రాసి దువ్విన జుట్టోలె పోగులు.
డిక్కీ మీద మాత్రం శిగమూగుతున్నయి!
"గాలికి దెయ్యం పట్టింది," అన్నడు చిన్న భీమన్న.
పన్నెండేండ్లు నేను దార్లేసిన గాలి
ఆ రాత్రి మొదటిసారి
కండ్లకు కనవడె.

మూర పొడుగు రేకు కట్టి తోక పెంచిన.
పంపు నుంచి పంపుకు
సిగరెట్ డబ్బా మీద పెన్సిలు లెక్క:
లీటరుకు పదకొండు పాయింటు రెండు ఉండేది
పన్నెండు పాయింటు తొమ్మిదైంది.
వారానికి, మనిషికి, మూడు దిర్హములు.
రెండు కరక్ చాయిలు.
తక్కువా?
తాగినోణ్ణి అడుగు.

జూలైల, తరీఫ్ దాటినంక, ముల్లు ఎర్ర గీత మీదికెక్కింది.
జాలీ మూస్తే ఇంజనుకు ఊపిరెట్లా?
చేతులు కాలంగ టేపు పీకి
ఏసీ బందు బెట్టి, అద్దాలు దించి,
ఏసీ పనోళ్లం ఐదుగురం
ఉడుకు గాలి మింగుకుంట పోయినం.

ఆగస్టుల ముల్కియా.
పాసింగు యార్డుల ఆయన వంగి టార్చి కొట్టిండు.
విల్లా కుటుంబం ఆయన్ని చూసి నవ్వింది.
ఆయన కూడ నవ్విండు. లేచి, మోకాలు దులుపుకొని,
"షీల్ కుల్లూ" అన్నడు.
అన్ని పీకు.

గోడ పక్కన నీడల కూసోని ఒక్కొక్క స్క్రూ ఇప్పిన.
బోర్డు, తోక, నాలుగు మూతలు.
మళ్ల పాత సన్నీ, దాని పాత అంగడి.
ముద్ర వేసి ఇచ్చిండ్రు.

క్యాంపుకొచ్చి మూతలు తోమి మెస్సుల పెట్టిన.
మోఫిజుల్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి
నా చేతికే ఇచ్చిండు.
"కొత్తవి కొన్న. ఇవి బండివే."

ఎనక అద్దం మూలకు ఒక ఎర్ర పోగు, నేను మర్చిపోయింది.
రాత్రి ఎవరో దాని మీద ఉఫ్ మని ఊది చూసిండ్రు.

ముల్కియా తీసి తారీఖు చదివిన.
మళ్ల చూపించాలంటే ఇంకా
మూడొందల అరవై నాలుగు రోజులున్నయి.
ఎల్లేశం ఏమీ అడగకుంటనే
స్క్రూడ్రైవర్ అందించిండు.