తరుగు

ఎనుమాముల యార్డుల ముప్పై ఒక్క ఏండ్లు
కాంట ముందర నిలబడ్డోణ్ణి.
మిర్చి ఘాటుకు తుమ్మని ముక్కు నాది.
పత్తి బోరెంల చెయ్యి పెడితే
తేమ ఎంతుందో అరచెయ్యే చెప్పేది.
ఇప్పుడు అదే అరచేతుల
పప్పుబద్దంత తెల్లగోలి.
దీన్ని ఎట్ల తూచాలె?

మార్చి నెలల రక్తం ఇచ్చిన.
కాయితం మీద చెడ్డ కొవ్వు నూట తొంభై రెండు.
హన్మకొండ చౌరస్తా ఎనక గల్లీల
నుజహత్ డాక్టరమ్మ కండ్లద్దాలు పైకి జరిపి
"నొప్పి లేదు గదా అని నవ్వకు రాజేశం" అన్నది.
నేను నవ్వలే.
మొగిలి యాదికొచ్చిండు.

మొగిలికి గూడ నొప్పి లేకుండె.
పోయిన సీజన్ల, తేజ మిర్చి బస్తా వీపు మీదుండంగనే
షెడ్డు మెట్టు మీద కూసున్నడు.
బీడీ అడుగుతడనుకున్నం.
బస్తా దించి పక్కకు పెట్టినం.
మనిషి ఇంకా అట్లనే వంగి ఉండె.

రాత్రి తిన్నంక ఒకటి, మూడు నెలలు మింగిన.
నూట తొంభై రెండు తొంభై ఏడైంది.
మా సరోజన అటక మీది వేపుడు గిన్నె కిందికి దించింది.
అప్పుడే పిక్కలు మొదలువెట్టినయి.
రాత్రి రెండింటికి ఎవలో లోపల కూసోని
తాడు పేనుతున్నట్టు.
మిర్చి రాశి చుట్టు ఒక్క తిరుగుడుకు
రెండుసార్లు ఆగుడు.
షుగరు గూడ గడప దాక వచ్చి
లోపలికి తొంగి చూస్తున్నదట.

మనవరాలు ప్రవళిక డబ్బల మడతవెట్టిన కాయితం
భూతద్దం పెట్టి చదివినంకనే నొప్పి వచ్చిందా,
ముందే ఉండెనా?
యాభై తొమ్మిదేండ్ల పిక్కలకు
గోలి లేకున్నా నొయ్యనీకి హక్కుంటది గదా.
కాంట మీద ఒట్టు, నాకు తెల్వది.

ఎవ్వలకు చెప్పకుంట ఇరవై రోజులు మానేసిన.
సరోజన లెక్కకు తక్కువ రాకుండ
రోజుకొకటి మోరీల ఏసిన.
నొప్పి పోయింది, సగం.
మిగిలిన సగం ఎవ్వలిదో.
కానీ ఆ ఇరవై రోజులు
షెడ్డు మెట్టు మీద కూసోలే నేను.

డాక్టరమ్మకు చెప్పక తప్పలే.
ఆమె అన్నది:
"నీ అసొంటోళ్లు నూరు మంది ఏండ్లకేండ్లు మింగితే
కొందరి గుండెలు ఆగకుండ ఉంటయి.
ఎవరివో నేను చెప్పలేను.
ఆగకుండ ఉన్న గుండె
వచ్చి నాకు శనార్తి చెప్పదు గదా."

నేనన్న: అమ్మా, మా దగ్గర తరుగంటరు.
మన్ను పేరున, తేమ పేరున, సంచి పేరున
బస్తాకు ఇంతని కోసేస్తరు.
రైతు తిడుతడు. నేను చిట్టీ రాస్త.
అన్నేండ్ల తిట్లల్ల ఒక్కటి గూడ నాకు తాకలే.
రాసేటోనికి కిలో అంటే ఒక గీత,
ఇచ్చేటోనికి ఒక పొద్దు ఏరుడు.
ఇప్పుడు నా పిక్కలల్ల కోస్తున్నరు,
చిట్టీ మీరు రాస్తున్నరు.

ఆమె చానసేపు పెన్ను మూత తిప్పుకుంట కూసున్నది.
కండలకు వేరే పరీక్ష రాసింది.
గోలి మార్చింది, చిన్నది,
దినం తప్పి దినం.
"నెలకు మళ్ల రా. మానేస్తే మానేసిననని చెప్పు.
మోరీకి గుండెజబ్బు లేదు రాజేశం."

ఇయ్యాల పొద్దుగాల గేటు తియ్యకముందే
కాంట సున్నాకు తెచ్చి నేనే ఎక్కిన.
డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందలు.
మొగిలి వంగిన వీపు, రాత్రి రెండింటి తాడు,
సరోజన వేపుడు గిన్నె, జేబుల గోలీల పట్టీ,
అన్నీ కలిపే.
ఎర్ర అంకెలు జరసేపు ఊగి ఆగినయి.
దేని బరువు ఎంతో విడిగ చెప్పలే.

"ఏ దడువాయీ, దిగు!
గీసుగొండ నుంచి వచ్చి రాత్రంత లైన్ల ఉన్న.
నా బస్తా ఎక్కియ్యాలె."

దిగిన.
పిక్క పట్టింది కొంచెం.
ఇయ్యాల గోలి లేని రోజే.