ఈల వెయ్యొద్దన్నారు

పద్దెనిమిదేండ్లుగా నా మెడలో ఈల ఉండాది.
తెల్లారుజామున నాలుగుకు
వాల్వు మూత ఎత్తి, ఇనుపచెవి దూర్చి
పదకొండు చుట్లు తిప్పి
ఒక్క ఈల వేస్తా.
అంతే.
హంద్రీ ఒడ్డున మా పేటంతా
బిందెల చప్పుడుతో నిద్ర లేస్తుంది.

ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో
దస్తగిరమ్మకు వచ్చిన గుర్తు
ఈల.

ఆమె అడిగింది కాదు. లిస్టులో మిగిలింది అదే.
కుట్టుమిషనూ టార్చిలైటూ
ముందే ఎవరో ఎత్తుకుపోయినారంట.

దస్తగిరమ్మ దూదేకులోళ్ళ కోడలు.
పరుపులు కుట్టిన చేతుల్తోనే
చీపుర్లు పట్టేటోళ్ళ జీతాల లెక్క రాసింది.
వరద వచ్చిన ఏడు
మిద్దెలెక్కిన మమ్మల్ని లెక్కపెట్టేదానికి
కాగితం తడవకుండా
నెత్తిన గిన్నె బోర్లించుకోని వచ్చింది.
ఆఫీసరు తర్వాత వచ్చినాడు, బోటులో.

పోయిన ఎండాకాలం నా కాడికొచ్చి
"అన్నా, నీ నోటుబుక్కు ఒకసారి చూపిస్తావా" అనింది.
ఎవరూ అడగని బుక్కు అది.
ఏ వీధికి ఎంతసేపు అని
నాకు నేను రాసుకునేది,
చెయ్యి తప్పు చెయ్యకుండా.
బంగళాల రోడ్డుకు రెండు గంటలు.
మా గేరికి ఇరవై రెండు నిమిషాలు.
ఆమె పెన్ను తియ్యలేదు, కోప్పడలేదు.
వేలు పెట్టి ఒక్కో గీతా చదివి
"తిప్పేది నీ చెయ్యే గదన్నా" అనింది.
ఆ రాత్రి నాకు అన్నం సయించలే.

గుర్తులిచ్చిన మూడోనాడు
ఏఈ సారు పిలిపించినాడు.
"మద్దిలేటీ, నీ మీద కంప్లయింటు వచ్చింది.
రోజూ పొద్దున్నే ప్రచారం చేస్తాండావంట.
కోడ్ ముగిసేదాకా ఈల వెయ్యాకు."
నేను ఔట్‌సోర్సింగోణ్ణి.
కోపం తెచ్చుకోవాలన్నా
ఏజెన్సీని అడగాల.
ఈల తీసి టేబుల్ మీద పెట్టినా.
దారం చెమటకు నల్లబడి ఉండె.

మరుసటి పొద్దు
పదకొండు చుట్లు తిప్పి ఊరికే నిలబడినా.
నీళ్ళు వస్తాండాయి, ఎవరికీ తెలీదు.
కొళాయిల కింద బండలు తడుస్తాండాయి.
ఇరవై రెండులో మూడు నిమిషాలు
మోరీకి పోయినాయి.

అప్పుడు మసీదు సందులోంచి
పాల ప్యాకెట్లేసే పిల్లోడు
ముందుపండ్లు ఊడిన నోటితో ఫూ అన్నాడు.
గాలే వచ్చింది, ఈల రాలే.
అయినా అరుగు మీది ఎల్లమ్మవ్వకు అర్థమైంది.
రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసింది సూడు,
ఒకప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలిన ఈల!
మిద్దె మీంచి ఒకటి. ఇస్త్రీబండి కాడ ఇంకోటి.
బాత్రూములో ఎవరో సబ్బు నోటితోనే.
ఫ్లయింగ్ స్క్వాడ్ జీపు వచ్చి
పేటలో మూడు చుట్లు తిరిగి
ఏ నోటిని సీజు చెయ్యాల్నో తెలీక పోయింది.

మేయర్‌ను మేము ఎన్నుకోమని నాకు తెలుసు.
మేము కార్పొరేటర్‌కు గుద్దుతాం,
వాళ్ళు హాల్లో కూర్చోని చేతులెత్తుతారు.
అన్ని చేతులు ఆమెకు లేస్తాయని
నేను పందెం కాయను.
రిసార్టు బస్సులు ఎప్పుడు కదుల్తాయో
బంకులో డీజిల్ పోసే మా బామ్మర్దికే
ముందు తెలుస్తాది.

మొన్న రాత్రి ఓటుకు రెండువేలిచ్చి పోయినారు.
తీసుకున్నాం. అబద్ధం చెప్పను.
మా ఆడమనిషి లక్షుమక్క ఆ నోట్లతో
నీలం డ్రమ్ము కొనింది.
"ఇది నిండాలంటే నలభై నిమిషాలు కావాల"
అనుకుంటా
ఈల బొమ్మ కాగితం మడిచి
డ్రమ్ము మూత కింద పెట్టింది.

తెల్లారితే పోలింగు.
ఈ పొద్దు వాల్వు కట్టేసి
నోటుబుక్కు తీసినా.
మా గేరి: ఇరవై ఆరు నిమిషాలు.
ఎవరూ చెప్పలే. ఆర్డరు లేదు.
పక్కన చిన్నగా రాసుకున్నా,
చెయ్యి తప్పు చేసిందని.