ఎవరిస్తో సీసా

తువ్వాల్లో చుట్టి తెచ్చాడు ఎవరిస్తో,
పసిబిడ్డనో, దొంగసొత్తునో తెచ్చినట్టు.
కొండమీది డాక్టరుగారింటికి
పలకరాళ్ళ కప్పు మార్చినందుకు
కూలిలో కొరతపడ్డ డబ్బుకు బదులట.

పోర్తో వెళ్ళి ఒక కొట్లో చూపించాడు.
కొట్టాయన రెండు చేతులా అందుకుని
నాలుగు వందల యూరోలన్నాడు.
మరి కొనుక్కుంటారా అంటే
కాగితాలేవీ, ఇన్నేళ్ళూ ఏ నేలమాళిగలో పడుకుందీ
అని సీసా జాతకం అడిగాడు.
"వాడి అరలో ఉంటే నాలుగొందలు,
నా సంచిలో ఉంటే గాజు"
అన్నాడు ఎవరిస్తో, బల్లమీద దించుతూ.

రెగ్వా స్టేషను వెనక నా దుకాణం.
ఇక్కడ వైన్ జగ్గులో వస్తుంది.
పేరడిగితే ఎర్రది అంటాను.
గ్లాసు ఎనభై సెంట్లు.
ఒలికితే తుడుస్తాను, ఏడవను.

ఆ సోమవారం రాత్రి వాన.
డామినోలు పక్కకు నెట్టి
నలుగురం సీసా చుట్టూ చేరాం,
తగువు తీర్చమని పెద్దమనిషిని పిలిచి
మాట మర్చిపోయినట్టు.
ముప్పైయేళ్ళు రైల్లో టికెట్లు చూసిన కాసిమిరో
ముందు లెక్క తేలాలన్నాడు.
గుక్క పదకొండు యూరోలు.
పొలమారితే, తలుచుకున్నది డాక్టరే.

బిరడా సగంలో విరిగింది.
టీ వడపోతలోంచి కాఫీ గ్లాసుల్లోకి పోశాను,
నా దగ్గర వేరేవి లేవు.

ఎవరిస్తో తాగి "బాగుంది" అన్నాడు.
కాసేపాగి, అది చాలదనిపించి,
"చాలా బాగుంది" అన్నాడు.
కాసిమిరో తోలు వాసనన్నాడు,
తడిసిన యూనిఫాం అన్నాడు,
చివరికి ఒప్పుకున్నాడు:
"ధర తెలియకపోయుంటే
ఈపాటికి నంజుకోడానికి ఉప్పుచేప అడిగేవాణ్ణి."

జుల్మీరా ఇంకా ముట్టలేదు.
కళ్ళజోడు తుడుచుకుని
లేబులు మీది సంవత్సరం చదివింది.
ఎనభై ఏడు.
"నా మణికట్టు విరిగిన కోత ఇది.
నాలుగో మెట్టు గోడ దగ్గర బుట్టతో సహా పడ్డాను.
పళ్ళన్నీ ఏరి బుట్టలో వేశాకే నన్ను లేపారు.
ఆ రోజుకి సగం కూలే ఇచ్చారు,
పనిచేసింది సగం రోజేగా అని."

అందని ద్రాక్ష పుల్లన అంటారు.
ఆమెకి ద్రాక్ష అందింది,
ఇరవై ఆరు కోతలు,
గోళ్ళు నల్లబడేదాకా అందింది.
రసమే అందలేదు.

అప్పుడు తాగింది.
మేం ముగ్గురం ఆమె గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాం.
"ఎలా ఉంది?"
"రొట్టె ఉందా?" అంది.
రొట్టె ముక్కతో గ్లాసు అడుగు తుడుచుకు తిని,
వేడినీళ్ళు అడిగి
లేబులు చిరగకుండా ఊడదీసింది.
"రసీదు" అంది, మడిచి జేబులో పెట్టుకుంటూ.

నన్నెవరూ అడగలేదు.
అడిగినా చెప్పేదాన్ని కాదు.
పొయ్యి ఆరిపోయాక ఇటుకల్లో నిలిచే వేడిలాంటిదేదో
నాలుక వెనక నిలిచింది.
నిద్రపోతే పోతుందేమోనని
చాలాసేపు మేలుకునే ఉన్నాను.

మంగళవారం పొద్దున్నే జగ్గు నింపి
అలవాటుగా ఒక గుక్క తాగాను.
నీళ్ళు కలిపినట్టుంది.
పీపా మూత తీసి వాసన చూశాను.
తెచ్చిన కుర్రాణ్ణి తిట్టాను, పాపం.
బుధవారమూ అంతే. గురువారమూ అంతే.
ఇరవయ్యేళ్ళుగా జనానికి ఇదేనా పోశాను
అని గ్లాసులు కడుగుతూ సిగ్గుపడ్డాను.
శుక్రవారానికి అది మళ్ళీ నా వైన్ అయింది,
కాస్త పుల్లగా,
ఇంటిమనిషి గొంతులాగా.

అంత ధర తగునా అంటే
నాలుగొందల మాట నాకు తెలీదు,
అది ఎవరిస్తో కప్పు లెక్క.
నేను కట్టింది మూడు రోజులు.
ఇంకో సీసా వస్తే వద్దనే ధైర్యం
నాకుందని మాత్రం ఒట్టు వేయలేను.

సీసాలో ఇప్పుడు ఆలివ్ నూనె పోసుకున్నాను.
చేపల మీద వంచుతుంటే
ఎవరిస్తో బల్ల దగ్గర్నుంచే కేకేస్తాడు,
మెల్లిగా, మెల్లిగా అని.