మంచు మందం

ఎస్టోనియాకి పడమట, హీయుమా దీవికి పోయే దారి
ఎండాకాలమంతా పడవలది.
ఫిబ్రవరిలో సముద్రం గట్టిపడితే, కార్లది.
తెరవాలా మూయాలా తేల్చేది ఇద్దరు,
ఎండెల్, వైదో.
తెల్లవారకముందే బరమా భుజాన వేసుకుని బయల్దేరతారు.
వందడుగులకో చిల్లు. చిల్లులో కర్ర. కర్ర మీద గీతలు.
ఇరవై రెండు సెంటీమీటర్లుంటే కారు పోవచ్చు.
సీటు బెల్టు మాత్రం పెట్టుకోకూడదు.
విరిగితే దూకాలి కదా.

ముప్పై ఏళ్ళుగా వాళ్ళకి ఒకటే తగువు.
ఫ్లాస్కు మూత తీసినప్పుడల్లా
కాఫీతో పాటు అదీ పొగలు కక్కుతుంది.
ఎండెల్ అంటాడు: లేడు.
వైదో అంటాడు: తెలియదు.

ఇక్కడ నేను కాస్త ఆగాలి.
వాళ్ళ భాషలో అతడికీ ఆమెకీ ఒకటే మాట.
ఎండెల్ మాటని తెలుగులోకి తెస్తుంటే
నా కలం కాలుజారింది.
లేడు అంటే అప్పుడే మీసాలు మొలిచాయి.
లేదు అంటే ఆడమనిషో తాళంచెవో తేలలేదు.
లేరు అంటే, కాదనకముందే దణ్ణం పెట్టినట్టయింది.
లేనివాడికి కూడా పీట వేసి
కూర్చోబెట్టే వ్యాకరణం మనది.
తెలియదు అన్న మాటకి ఈ పాట్లు లేవు.
అవతల ఎవరన్నది అందులో రాదు.
తెలియనిది నాకు. అంతవరకే.

"ఇన్ని చిల్లులు పొడిచాం,
ఒక్కదాంట్లోంచి ఒక్క వేలు పైకొచ్చిందా?
కర్ర ఖాళీగా వస్తే ఖాళీ అనే రాస్తాను."

"కర్ర పొడవు మీటరున్నర, ఎండెల్.
అందినంత రాయి.
అందనిచోట గీత పెట్టకు."

"అయితే నీ మంచం కింద మొసలి
ఉందో లేదో కూడా తెలియదంటావు."

"మొసలైతే వంగి చూస్తాను.
దీనికి ఏం కనిపిస్తే దొరికినట్టో
అదే తెలియదంటున్నా."

పిరికివాడా అని ఒకడు, తొందరగొట్టా అని ఒకడు.
తర్వాతి చిల్లు దాకా మాటల్లేవు.
ఊళ్ళో పాస్టరు మాత్రం
ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశాడు.
ఆదివారం రానివాళ్ళు, అంతే ఆయన లెక్క.

మొన్న నవంబరులో ఎండెల్ భార్య లేయిదా పోయింది.
క్రిస్మస్ ముందటి సాయంత్రం అక్కడ
శ్మశానమంతా కొవ్వొత్తులు, మంచులో గుంటలు తవ్వి.
ఎండెల్ మోకాళ్ళ మీద కూర్చుని
చేతులడ్డం పెట్టి వెలిగించాడు.
"ఎవరికి?" అన్నాడు వైదో. ఎగతాళికి కాదు.
"దానికి చీకటంటే భయం."
"లేయిదా లేదన్నావుగా."
"లేదు."
పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.
"ఉంటే తనే వెలిగించుకునేది.
లేదు కాబట్టే నేను రావాల్సొచ్చింది."

వైదో కోటు జేబులో
అమ్మ కోసం కొన్న కొవ్వొత్తి, మూడేళ్ళ నాటిది.
తెలియనిచోట వెలిగిస్తే అబద్ధమా,
వెలిగించకపోతే అబద్ధమా,
అదొకటి తేలక
చేతితొడుగు తీశాడు, మళ్ళీ తొడుక్కున్నాడు.
"దీన్ని కూడా కొలవకురా" అని
ఎండెల్ మోకాళ్ళ మంచు దులుపుకుని
గేటు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

ఆ ఏడు సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది.
తొమ్మిదో కిలోమీటరు దగ్గర
కర్ర పద్దెనిమిది చూపించింది.
ఎండెల్ పద్దెనిమిది అన్నాడు. వైదో పద్దెనిమిది అన్నాడు.
దారి మూసేశారు.
పెన్సిలు కోసం జేబులో చెయ్యి పెడితే
కొవ్వొత్తి జారి
మంచు మీద దొర్లుకుంటూ పోయింది.
ఎండెల్ వంగి తీశాడు.
వత్తి కొస కొంచెం నల్లగా ఉంది.
చూశాడు.
ఏమీ అనకుండా ఇచ్చేశాడు.
వైదో బరమా భుజానికెత్తుకున్నాడు.