లాస్ లైటు

పొద్దుగాల లేచేసరికి డబ్బా మీద ఎర్రలైటు.
పక్కన పచ్చయి మూడు బాగనే ఉన్నయి,
గదొక్కటే కండ్లకలక వచ్చినట్టు
మిణుకు మిణుకు.

ఫోన్ చేస్తే అవతల పిల్ల
"బంద్ చేసి, ముప్పై లెక్కపెట్టి, మళ్ల ఎయ్యండి సార్" అన్నది.
ఉత్తగ లెక్కపెట్టుడు నాకు రాదు.
మగ్గం మీద కూసోని
ముప్పై పేకలు ఏసి పంజాతోని కొట్టిన.
జంఖానా రెండేళ్ల మందం పెరిగింది,
లైటు ఎర్రగనే ఉంది.

వైర్లు గుంజి మళ్ల గుచ్చిన.
డబ్బా మీది దూది నుసి ఊదిన.
కొత్తవాడల నుసి దేనిమీద లేదు,
అన్నం మీద సుత ఉంటది.
రాత్రి సేటుకు పంపిన నీలం అంచు ఫొటో
ఇంక గిరగిర తిరుగుతనే ఉంది.
ఫోన్ల డాటా అంటరా,
మా రేకుల కింద ఒక్క గీతే.

పగటీలి నిచ్చెన భుజాన ఏసుకోని
సాంబరాజు వచ్చిండు, కాజీపేట పిల్లగాడు.
డబ్బా దిక్కు చూసి
"లాస్ వస్తాంది కాకా" అన్నడు.
"పదకొండేండ్ల సంది వస్తనే ఉంది బిడ్డా,
దానికో లైటు ఉంటదని ఇయ్యాల్నే ఎరుక."
వాడు నవ్వలే. స్తంభం ఎక్కిండు.

గోవిందరాజుల గుట్ట కోతులు
తీగ మీద ఉయ్యాలూగినయట.
పైన నల్లతోలు చెక్కు చెదరలే,
లోపల తెగింది.

తోలు ఒలిచి చూపిండు: గాజు పోగు,
వెంట్రుక అంత సన్నం.
నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.
తెగిన పోగు కనబడితే
నా బొటనవేలు నన్ను అడగదు,
ఇంత ఉమ్ము తడి, ఒక మెలి, అయిపాయె.
"ముట్టకు కాకా! గుచ్చుకుంటే కనబడది కూడ.
దీనికి ముడి నడవది,
ముడి కాడ వెలుతురు ఆగిపోతది."

చిన్న మిషిన్ల రెండు కొసలు పండబెట్టిండు.
అద్దంల అవి తాళ్లంత లావుగ,
ఎదురుబొదురు వచ్చి ఆగినయి.
చిటుక్కున ఒక మెరుపు.
అతుకు ఏడుందో
నలభై ఏండ్ల నా కండ్లకు దొరకలే.
"మా నూలు పోగు అతుకుతదా ఇది?"
"కాలిపోతది కాకా."

డబ్బా మీద ఇప్పుడన్నీ పచ్చలైట్లే.
ఫొటో పోయింది. నీలం గీతలు రెండు పడ్డయి.
వాడు నిచ్చెన దించకముందే
సేటు జవాబు వచ్చింది:
అంచు నీలం వద్దు, ఎరుపు ఏయుండ్రి.

మగ్గం కాడికి పోయి
పొద్దుగాల లెక్కపెట్టిన ముప్పై పేకలు
ఒక్కొక్కటి ఇప్పుకుంట కూసున్న.