ఎత్తు నీది

గునుపూర్ బజార్లో మూడింటికి కరెంటు పోతుంది.
చొక్కా చెయ్యి సగంలో ఉండగా
సూది గుడ్డలోనే నిలబడిపోతుంది.
మిషనుకి మోటారు పెట్టించిన దగ్గర్నుంచి
నా కాళ్ళు తొక్కడం మర్చిపోయాయి.
మంచిదే అయింది.

ఎదురు పాన్‌కొట్టు దయానిధి సాహు
తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వస్తాడు.
అతని తెలుగు నాకు నవ్వు,
నా ఒడియా అతనికి నవ్వు.
కత్తిరించే బల్ల మీద సుద్దతో
పులిజూదం గీస్తాను.
మూడు ఖాళీ దారపు రీళ్ళు పులులు,
బొత్తాలు మేకలు.
పదిహేనో మేక మాత్రం
ఎవరి జాకెట్టుదో తెలీని హుక్కు.

ఆదివారం కూడా ఖాళీయే నాకు.
కానీ అది ముందే కబురంపి దిగిన చుట్టం,
ఎక్కడ కూర్చోబెట్టాలో తోచదు.
రెండుసార్లు పడుకుని లేచినా
ఇంకా అరుగు మీదే ఉంటుంది
నా మొహంలోకి చూస్తూ.

ఇది అలా కాదు.
స్కూలు యూనిఫారాలు పద్దెనిమిది బాకీ,
హెడ్‌మాస్టరు ఫోను ఇప్పటికి రెండుసార్లు మోగింది.
ఆ బరువు మోచేతి పక్కనే ఉంటేనే
బొత్తాం జరపడంలో రుచి.
ఉప్పద్దకుండా పచ్చిమామిడి ముక్క
ఎవరు తింటారు?

నౌపడా బండి ఎక్కడో కూసింది.
ఇద్దరం తలెత్తలేదు.
సాహు పులి నా మేకను దూకి మింగింది.
పోతే పోయిందని
హుక్కు దించాను.

అప్పుడు ట్యూబులైటు
రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.
"కరెంట్ ఆసిలా" అన్నాడు సాహు,
లేవకుండా.

నాకు వినపడలేదు.
"ఎత్తు నీది" అన్నాను.