ఇరవై ఏడో అంతస్తులో సముద్రం

రాత్రి రెండుంబావుకి నా నుదుటి మీద ఒక చుక్క.
కలేమో అనుకుని పక్కకి ఒత్తిగిలాను.
రెండోది పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది.
అది ఎక్కణ్ణించి వచ్చిందో వెలిగాక
లేచి కూర్చుని ఉమ్మేశాను.

ఆప్ లే చౌలో మరుగుదొడ్లకి మంచినీళ్ళు దండగని
సముద్రాన్నే పంపుతో పైకెక్కిస్తారు,
ఒక్కో ఇంటికి ఒక్కో ట్యాంకెడు.
మామూలుగా అది మర్యాదగానే ఉంటుంది:
పిలిస్తే వస్తుంది, పని చూసి పోతుంది.

నేను నాలుగింటికల్లా పోయి
ఆవిరి బుట్టలు పేర్చాల్సినవాణ్ణి.
పై అంతస్తుకి పదహారు మెట్లు.
మెట్టుకో తిట్టు చొప్పున సిద్ధం చేసుకుంటూ ఎక్కాను.

తలుపు తీసే ఉంది.
ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, షెక్ అవ్వ
బిస్కెట్ల డబ్బాతో నీళ్ళు తోడుతోంది.
నడుం వంచినదల్లా ఎత్తడం లేదు.
ముంచడం, విసరడం, ముంచడం, విసరడం,
చూడకుండానే ప్రతి విసురూ
చేతులు కడిగే తొట్టిలో పడుతోంది.
"చూస్తావేం, ఆ మూలన గుడ్డ ఉంది" అంది.
పదహారు తిట్లూ నీళ్ళు నమిలాయి.

గోడ దగ్గర మర తిప్పబోయాను.
ఉప్పు పట్టి రాయైపోయింది.
ట్యాంకు మూత ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలీక
ఆమె మంచం మీద దిండు పక్కన పడుకోబెట్టాను.
లోపల నీళ్ళు నిలువు గొట్టం అంచు దాటి
సన్నగా కమోడులోకి జారిపోతున్నాయి,
అప్పులవాడి గొణుగుడులా, అలుపు లేకుండా.

తేలే బంతిని రెండు వేళ్ళతో ఎత్తాను. ఆగింది.
వదిలాను. మొదలు.
ఎత్తాను. ఆగింది.
ఊపి చూస్తే కడుపులో గుడగుడ.
"బంతిలోకి నీళ్ళు దిగాయి అవ్వా."
"మునిగేదానికి ఇంకేం జబ్బుంటుంది" అంది,
బట్టలారేసే నైలాన్ తాడు తెంపుకొచ్చి
బంతి చేతిని పైకి లాగి ఒక ముడి వేసింది.
ఒక్క చేత్తో.
రెండో చేత్తో తోడుతూనే ఉంది.

సరే, కారడం ఆగింది. మరి కమోడు ఎందుకు నిండినట్టు?
పోయే దోవ ఉంటే వరదెందుకొస్తుంది?
చొక్కా తగిలించే తీగ సాగదీసి
మెడ వంపులోకి దూర్చి కెలికాను.
తగిలింది, జారింది, మళ్ళీ తగిలింది.
ఊదారంగు ప్లాస్టిక్ బుట్ట, అరచేతిలో సగం,
అందులో ఇంకా కరగని లావెండర్ బిళ్ళ.
"హోయ్-కీ తగిలించింది. నా మేనకోడలు.
ఇల్లంతా సముద్రం కంపట."
కమోడు పెద్ద గుటక వేసి ఖాళీ అయింది.

అప్పుడు కూర్చుంది, తడి నేల మీదే.
"నాలుగో ఏటనుంచీ తోడుతున్నా.
పడవలో పుడితే ఏడుపు తర్వాత నేర్చేది ఇదే."
కిటికీలోంచి మోచేత్తో చూపించింది,
కింద తుఫాను రేవులో దీపాల వరస.
"మాది ఎడమ చివర ఉండేది. ఆ రెండో దీపం పక్కన.
కాదు, ఇప్పుడక్కడ రెస్టారెంటు."
ఇక దాని గురించి మాట్లాడలేదు.
టీ ఇస్తానంది. టైం లేదన్నాను.
బిస్కెట్ల డబ్బా ఖాళీ కదా, అందుకని
బిస్కెట్లు కూడా లేవంది, నవ్వకుండా.

మూడు రోజులకి యుంగ్ మేస్త్రీ కొత్త బంతి తెచ్చాడు.
ముడి విప్పలేక పళ్ళతో కూడా ప్రయత్నించి
చివరికి కత్తెరతో కోసేశాడు.
కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
తాడు ముక్కలు మటుకు వెనక్కి అడిగి తీసుకుందట.

నా పైకప్పు ఆరింది.
మరక అంచు పొడుగునా తెల్లగా ఉప్పు పూసింది.
రంగు వేయించుకో, ఖర్చు నాది అని
లిఫ్టులో కనబడ్డప్పుడల్లా అంటుంది.
వేయిస్తాను.
తొందరేం లేదు.